ఎసెన్‌కుల్ పేరుతో వెతికితే

బతికున్న మనిషి గురించి ఇంత నిష్ఠూరంగా రాయడమేమిటని మా చెల్లెలు అంటుంది. చచ్చాక రాస్తే మంచిమాటలే రాయాలి కదా. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మా రాజధాని బిష్కెక్‌లో, కాపరుల సంఘం కార్యాలయంలో నేను పశువైద్యురాలిని. పేరు కాలిపా. ఏ జబ్బుకి ఏ మందు, ఎంత మోతాదు అన్నది సంఘం వెబ్‌సైటులో పేజీలుగా రాయడం నా పని. ఆ సైటుకి అధికారిగా వచ్చి కూర్చున్నవాడు ఎసెన్‌కుల్. మా అధ్యక్షుడు షార్షెన్ గారి భార్యకి తమ్ముడు. అంతకుమించిన అర్హత అతనికి ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు, అతనూ చెప్పుకోలేదు.

అంతకుముందు పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని వధూవరుల్ని ఆకాశానికెత్తే పని చేసేవాడు. ప్రసంగం ఒక్కటే. వాళ్ళ పేర్లు మాత్రం మారేవి. వినేవాళ్ళు మాంసం మీదా వోద్కా మీదా దృష్టి పెట్టి ఉంటారు గనక గొడవ రాలేదు. మనిషి మాత్రం చూడముచ్చటగా ఉండేవాడు. నిటారైన నడక, తెల్లటి టోపీ, మంచి కంఠం. ఆ కంఠంతో "మన సైటు" అన్నాడంటే అది దేశానికి మూలస్తంభంలా వినిపించేది.

అతను వచ్చిన కొత్తలో నేను గొర్రెల కడుపులో పురుగులకి కుర్తాజిన్ అనే మందు గురించి ఒక పేజీ రాశాను. ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డున మేసే మందల కోసం రాసినది. ఎసెన్‌కుల్ దాన్ని చదవలేదు. అయినా ఎంతో మెచ్చుకున్నాడు. తర్వాత దాన్ని నారిన్‌కి ఒకటి, తలాస్‌కి ఒకటి, బాత్కెన్‌కి ఒకటి, ఇంకా మ్యాపులో వేలు పెట్టిన ప్రతిచోటికీ ఒకటి చొప్పున కాపీలు తీశాడు. ఊరి పేరు మార్చడం, కింద తన ఫోటో, పేరు పెట్టడం, అంతే. మిగతా అక్షరం కదల్లేదు. ఒక పేజీ పదులకొద్దీ పేజీలైంది. నేను రాసిన ప్రతిదానికీ ఇదే గతి పట్టింది.

"ఇన్ని ఎందుకు బైకే?" అని అడిగాను. అన్నని బైకే, అక్కని ఎజే అనడం మా వైపు మర్యాద.

"కాలిపా, నువ్వు డాక్టరువి, నీకివి తెలియవు. పేజీలెన్ని ఉంటే సెర్చ్ ఇంజన్ మనల్ని అంత గౌరవిస్తుంది."

గౌరవం సంగతి నాకు తెలియదు గానీ అతని అసలు సరదా వేరు. ఏ విందుకి వెళ్ళినా పక్కవాడి చేతిలో ఫోను చూసి, "నా పేరు కొట్టి చూడు తమ్ముడూ" అనేవాడు. కొడితే ఎసెన్‌కుల్, ఎసెన్‌కుల్, ఎసెన్‌కుల్. ఎంత కిందకి జరిపినా అదే ఫోటో, అదే టోపీ. అతను మాత్రం ఏమీ ఎరగనట్టు మాంసం ముక్క నోట్లో పెట్టుకునేవాడు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. ఈలోగా కుర్తాజిన్ చేసేవాళ్ళు మందు మార్చారు. కొత్త సీసాలో మందు పాతదానికి రెట్టింపు ఘాటు. పాత సీసా మోతాదు కొత్త సీసాలోంచి పోస్తే గొర్రెకి విషం. నేను కొత్త పేజీ రాశాను. పాతది తీసేయలేదు. పాత సీసాలు ఇంకా కాపరుల జీను సంచుల్లో ఉన్నాయి. వాటిలోంచి కొత్త మోతాదు పోస్తే పురుగు చావదు. ఎవరి చేతిలో ఏ సీసా ఉందో, దాని మీది నంబరు మా సైటులోని వెతుకుడు పెట్టెలో కొడితే సరైన పేజీ వస్తుంది. ఏర్పాటు బాగానే ఉంది. కాకపోతే సైటుకి వచ్చి వెతికేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు ఫోనులో సెర్చ్ ఇంజన్‌ని అడుగుతారు. దానికి కనిపించేవి ఏళ్ళ తరబడి పాతుకుపోయిన ఎసెన్‌కుల్ కాపీలు. నా కొత్త పేజీ ఎక్కడో అడుగున పడి ఉంది.

కాపీలు తీసేయమని చెప్పాను. "చూద్దాం" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "కాలిపా, అసూయ మంచిది కాదు" అన్నాడు.

మందలు కొండలెక్కాక ఒకరోజు సూసమీర్ నుంచి మాంబెతాలి అనే కాపరి వచ్చాడు. ఎండకి కమిలిన మొహం, బూట్ల నిండా బురద. కుర్తాజిన్ కొత్త సీసా ఒకటి తెచ్చి ఎసెన్‌కుల్ బల్ల మీద పెట్టాడు.

"మీ పేజీలో చెప్పినంతే పోశాను. నురగ కక్కుతూ పడిపోయాయి. మంచి ఈనే గొర్రెలు. కళ్ళముందే పోయాయి."

ఎసెన్‌కుల్ లేచి నిలబడ్డాడు. క్షమించమంటాడనుకున్నాను.

"ఏ పేజీ? మీరు వెతికితే మొదట వచ్చినదేనా?"

"అవును."

అతని మొహం వెలిగిపోయింది. నావైపు తిరిగి, "చూశావా కాలిపా, మొదట మనమే!" అన్నాడు.

మాంబెతాలి ఫోను తీసి నెమ్మదిగా చదివాడు.

"'సూసమీర్ సరస్సు ఒడ్డున మేసే మందలకు…' బైకే, నేను పుట్టిందీ పెరిగిందీ సూసమీర్‌లోనే. ఆ సరస్సెక్కడో చెబితే గొర్రెల్ని తిన్నగా అందులోకే తోలేవాణ్ణి. మందు ఖర్చయినా మిగిలేది."

"అది… కొంచెం వర్ణన కోసం…"

"వర్ణన చూసి చచ్చిపోయాయి పాపం."

ఎసెన్‌కుల్, కాపరే కింద దాకా చదవాల్సిందనీ, కొత్త పేజీ కూడా సైటులోనే ఉందనీ, తప్పు అతని తొందరదేననీ ఏదేదో చెప్పుకుపోయాడు. మాంబెతాలి సీసా అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. మెట్ల దాకా వెళ్ళి క్షమించమని అడిగింది నేను. "మీరెందుకు అడుగుతారు ఎజే, ఆ ఫోటో మీది కాదుగా" అన్నాడు.

ఆ రోజే అధ్యక్షుడి గదిలో సమావేశం. మా సైటు సాంకేతిక పనంతా చూసేది లారిసా పాక్. తోక్మోక్ కొరియన్ల ఆడపిల్ల. పని చురుకు, నోరు అంతకన్నా చురుకు. పాతవన్నీ తుడిచేయమన్నాడు షార్షెన్ గారు. కుదరదన్నాను నేను. బయటి సెర్చ్ ఇంజన్‌కి ఒక్క కొత్త పేజీయే కనబడాలి. మా సైటులోని పెట్టెలో వెతికితే మాత్రం పాతవీ దొరకాలి. కాపీల లింకులు జిల్లా ఆఫీసుల గోడ క్యాలెండర్ల మీద అచ్చయిపోయి ఉన్నాయి గనక అవీ తెగకూడదు.

"చేయొచ్చు" అంది లారిసా. "రేపు మా అమ్మ అరవయ్యో పుట్టినరోజు, తోక్మోక్ వెళ్తున్నా. వచ్చి చేస్తా. నేనొచ్చేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోకండి."

ఆ మాట అంటూ ఎసెన్‌కుల్‌నే చూసింది. ముట్టుకోవద్దంటే అతనికి చేతులు దురద పుడతాయని పాపం ఆమెకి అప్పటికి తెలియదు.

ప్రతి సైటుకీ గుమ్మంలో ఒక చిన్న ఫైలు ఉంటుంది. సెర్చ్ ఇంజన్లు పంపే వేగులు ముందు దాన్ని చదువుకుంటాయి. ఫలానా గదిలోకి రావద్దని అందులో రాసి ఉంటే రావు. ఈ సంగతి ఎక్కడో విన్న ఎసెన్‌కుల్, పాత పేజీలున్న గదంతటికీ అందులో నిషేధం రాసేశాడు. రాసి కార్యాలయమంతా తిరిగాడు. "తాళం వేసేశా! ఇంత చిన్న పనికి లారిసా ఎందుకు?" బావగారు అతన్ని భోజనానికి తీసుకెళ్ళాడు కూడా.

లారిసా తిరిగొచ్చి ఫోనులో వెతికింది. పాత పేజీల పేర్లు యథాప్రకారం వరసగా వచ్చాయి. వాటి కింద ఉండే రెండు వాక్యాల వివరం మాత్రం మాయమైంది. పేరు మీద నొక్కితే పేజీ శుభ్రంగా తెరుచుకుంటోంది. ఆమె ఫోను తెచ్చి ఎసెన్‌కుల్ ముందు పెట్టింది.

"బైకే, తాళం వేశారు, బాగుంది. తాళం వేగులకి. మనుషులకి కాదు. వాళ్ళు హాయిగా లోపలికొస్తున్నారు."

"కానీ సెర్చ్ ఇంజన్ లోపలికి రావట్లేదు కదా!"

"రావట్లేదు. అదే గోల. దాని దగ్గరున్న జాబితాలోంచి ఈ పేజీల్ని కొట్టేయమని ఎవరు చెప్పాలి దానికి?"

"మనమే."

"ఎక్కడ రాయాలి?"

"పేజీలోనే రాయాలనుకుంటా."

"పేజీ ఉన్న గదిలోకి రావద్దన్నాక అది ఆ రాత ఎలా చదువుతుంది?"

ఎసెన్‌కుల్ ఆలోచించాడు. అతను ఆలోచించడం నేను చూసింది అప్పుడే. "దానికే తెలియాలి" అన్నాడు చివరికి.

లారిసా తాళం తీసేసింది. పాత పేజీలకీ కాపీలకీ, మనుషులకి కనబడకుండా వేగులకి మాత్రమే తెలిసేలా, 'దీన్ని జాబితాలో చేర్చకు' అనే గుర్తు పెట్టింది. చదివేవాళ్ళ కోసం పైన ఎర్ర గీతలో 'ఇది పాత సీసా మోతాదు' అని రాసింది. వేగులు మళ్ళీ వచ్చి చూసుకుని వెళ్ళేసరికి కొన్ని వారాలు పట్టింది. ఒక్కొక్కటే పాత పేజీలు రాలిపోయాయి. సూసమీర్ అని వెతికినా, తలాస్ అని వెతికినా నా కొత్త పేజీ ఒక్కటే రావడం మొదలుపెట్టింది.

అంతా కుదిరిందనుకుంటుండగా అత్-బాషీ నుంచి ఒక పెద్దావిడ ఫోను చేసింది.

"అమ్మాయ్, సీసా మీది నంబరు మీ పెట్టెలో కొడితే ఏమీ లేదంటోంది. మొన్నటిదాకా ఉండేది. మందు పాతబడితే పేజీ కూడా చచ్చిపోతుందా ఏంటి?"

మోతాదు ఫోనులోనే చెప్పి లారిసా దగ్గరికి పరుగెత్తాను. ఆమె ఆ నంబరు తనే కొట్టి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. మా సైటు పెట్టె కోసం తిరిగే సొంత వేగు కూడా ఒకటుంది. ఆ గుర్తు చూసి అది కూడా బుద్ధిగా పాత పేజీలన్నిటినీ తన జాబితాలోంచి కొట్టేసుకుంది.

గుమ్మంలో టీ గిన్నె పట్టుకుని నిలబడ్డ ఎసెన్‌కుల్ పగలబడి నవ్వాడు. "అయ్యో, చదువుకున్నవాళ్ళ తెలివి! నా తాళమే నయం కదూ?"

"తప్పు నాదే" అంది లారిసా అతనివైపు చూడకుండా. "ఇవాళే సరిచేస్తా. మీది ఎప్పుడు సరిచేస్తారు బైకే?"

అన్నట్టే చేసింది. ఆ గుర్తు బయటి వేగులకే గానీ నీకు కాదు, నువ్వు అన్నీ చేర్చుకో అని సొంత వేగుకి నేర్పింది. దాన్ని మళ్ళీ సైటంతా తిప్పింది. పొద్దువాలేలోగా అత్-బాషీ పెద్దావిడకి పాత పేజీ దొరికింది. ఇప్పుడు బయట ఒకటి, లోపల అన్నీ. నేను కోరింది ఇదే.

ఎసెన్‌కుల్‌కి దీనివల్ల ఏం పోయిందో షార్షెన్ గారి మనవరాలి తొలి అడుగుల వేడుకలో తెలిసింది. పాప కాళ్ళకి కట్టిన దారం కోశారు, పిల్లలు పరుగుపందెం కూడా పెట్టుకున్నారు. అందరం బెష్‌బర్మాక్ మాంసం పళ్ళేల ముందు కూర్చున్నాం. ఎసెన్‌కుల్ అలవాటు ప్రకారం పక్కనున్న వియ్యపువాళ్ళ కుర్రాడితో, "నా పేరు కొట్టి చూడు తమ్ముడూ" అన్నాడు.

కుర్రాడు కొట్టాడు. కళ్ళు చిట్లించాడు. "ఎసెన్‌కుల్… తలాస్ కుస్తీ వస్తాదు. మెడ ఎద్దు మెడలా ఉంది. ఇది మీరేనా బైకే? బాగా చిక్కిపోయారే!"

పందిరంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అతను ఫోను లాక్కుని కిందకి, ఇంకా కిందకి జరిపాడు. వస్తాదు గెలిచిన పోటీలు, వస్తాదు పెళ్ళి, వస్తాదు గుర్రం. ఆ తర్వాత తలెత్తకుండా తిన్నాడు. పాట పాడమన్నా పాడలేదు.

కొన్నాళ్ళకి లారిసా నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. "ఎజే, పాత పేజీలు మళ్ళీ బయటికొస్తున్నాయి. గుర్తులు ఎవరో చెరిపేశారు. నేను కాదు. మీరు కాదు కదా?"

పాస్‌వర్డు ఉన్నది మా ఇద్దరికీ, ఇంకొకడికీ. ఇద్దరం తిన్నగా అధ్యక్షుడి గదికి వెళ్ళాం. ఎసెన్‌కుల్‌ని పిలిపించారు. అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు. తను చేసింది దాచాల్సినంత పనని కూడా అతనికి తట్టలేదు.

"నా పేరు ఎక్కడా రావట్లేదు బావా. ఇన్నేళ్ళు కష్టపడ్డాను. ఆ తలాస్ దున్నపోతు వస్తున్నాడు గానీ నేను రావట్లేదు."

"గొర్రెలు చచ్చాయి బైకే" అన్నాను.

"అవి అప్పుడు చచ్చినవి కదా కాలిపా. ఇప్పుడేమీ చావలేదుగా."

షార్షెన్ గారు బావమరిదిని వెనకేసుకురావడంలో ఆరితేరినవాడు. ఆ మాటకి ఆయన కూడా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు. తర్వాత లారిసాతో, "వీడి పాస్‌వర్డు తీసెయ్యమ్మా" అన్నాడు. ఎసెన్‌కుల్‌తో, "నీ మందలోంచి మంచి గొర్రెని తీసుకుని సూసమీర్ పో. మాంబెతాలికి ఇచ్చి, తప్పొప్పుకుని రా. కాలిపా కూడా వస్తుంది. నిన్నొక్కణ్ణే పంపితే గొర్రెని దారిలో అమ్మేస్తావు" అన్నాడు.

కారు వెనక సీటులో గొర్రె, ముందు మేమిద్దరం. కనుమ పైన చలిగాలిలో కారు ఆపి దిగాడు. గొర్రె కాళ్ళ కట్టు వదులు చేసి, ఒరుసుకుపోయిన చోట అరచేత్తో రుద్ది, తన టోపీని గిన్నెలా పట్టి నీళ్ళు తాగించాడు. ఆ టోపీని అతను తల మీంచి తీయడం నేను అంతవరకూ చూడలేదు.

మాంబెతాలి గుడారం ముందు అతని భార్య సోనున్ గుర్రపుపాలు చిలుకుతోంది. ఎసెన్‌కుల్ తడి టోపీ నెత్తిన పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"గౌరవనీయులైన ఈ కొండల బిడ్డలారా…"

"బైకే" అంది సోనున్ చిలకడం ఆపకుండా, "ప్రసంగానికొచ్చారా, తప్పొప్పుకోవడానికొచ్చారా?"

"రెండింటికీ."

"రెండోది ముందు కానివ్వండి. మొదటిది అయ్యేసరికి పాలు మరీ పులిసిపోతాయి."

అతను నోరు తెరిచాడు. "ఇలా జరగకుండా ఉండాల్సింది" అన్నాడు. "పరిస్థితులు అలా వచ్చాయి" అన్నాడు. అంతకంటే దగ్గరికి రాలేకపోయాడు. ఎంత సేపు చూసినా 'తప్పు నాది' అనే రెండు ముక్కలు ఆ మంచి కంఠంలోంచి బయటికి రాలేదు. మాంబెతాలి గొర్రె నడుము తడిమి చూశాడు. "గొర్రె మంచిది" అన్నాడు. గొర్రె అన్న మాటని కాస్త ఒత్తి పలికాడు.

సరిగ్గా అప్పుడు ఎసెన్‌కుల్ చూపు పక్కకి పోయింది. మందకి దూరంగా ఒక గొర్రె తల వేలాడేసుకుని నిలబడి ఉంది. చెప్పేది మధ్యలో వదిలేసి దాని దగ్గరికి నడిచాడు. ఒక మోకాలితో అదిమి దాన్ని తన ఒంటికి ఆనించుకున్నాడు. బొటనవేలితో కింది కనురెప్ప లాగాడు. దవడ కింద నొక్కి చూశాడు.

"రెప్ప లోపల సున్నంలా ఉంది. దవడ కింద నీరు దిగింది. చిత్తడి నేలలో మేసిందా?"

"వాగు పక్కన" అన్నాడు మాంబెతాలి.

"కాలేయంలో పురుగు పడింది. కుర్తాజిన్ దీనికి పనిచెయ్యదు, పాతదీ కాదు, కొత్తదీ కాదు. వేరే మందు కావాలి. మందని వాగు దగ్గర్నుంచి తప్పించండి."

నేనూ వెళ్ళి చూశాను. ఒక్క మాట తప్పు లేదు. నేను చూసినా అదే చెప్పేదాన్ని, అతనికంటే కాస్త ఆలస్యంగా.

"ఇవన్నీ ఎక్కడ నేర్చారు?" అంది సోనున్. మొదటిసారి ఆమె చిలకడం ఆపింది.

"మా నాన్న కోచ్కోర్‌లో కాపరి. ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా మంద వెనకే తిరిగాను."

ఇన్నేళ్ళు పక్క గదిలో కూర్చున్నా నాకు తెలియని సంగతి అది. అది విని అతని మీద గౌరవం పుట్టిందని రాస్తే మా చెల్లెలు సంతోషిస్తుంది. పుట్టలేదు. అప్పటిదాకా అతను గొర్రెకీ గోడకీ తేడా తెలియని పెళ్ళిళ్ళ మనిషి అనుకున్నాను. తెలియనివాడిని సగం క్షమించవచ్చు. ఘాటు మందు ఎక్కువైన గొర్రె ఎలా పడిపోతుందో చిన్నప్పుడే కళ్ళారా చూసినవాడు, కొత్త సీసా వచ్చిందని నేను రెండుసార్లు చెప్పాక కూడా కాపీలు తీసేయలేదు.

తిరిగి వస్తూ అడిగేశాను. "ఇంత తెలిసీ ఆ పేజీలు అలా ఎలా వదిలేశారు?"

"అవి గొర్రెల కోసం పెట్టినవి కాదు కదా."

"మరి ఎవరి కోసం? కాపరుల కోసమా?"

అద్దంలోంచి బయటికి చూస్తూ, "కాదులే" అన్నాడు. ఊళ్ళోకి వచ్చాక మాత్రం హుషారొచ్చింది. మర్నాడు కార్యాలయంలో అతను చెప్పిన కథలో, తను సూసమీర్ వెళ్ళింది ఒక మందని మృత్యుముఖంలోంచి కాపాడటానికి. గొర్రె ఊసు లేదు, నా ఊసు లేదు, సోనున్ మాట అసలే లేదు. లారిసా విని, "మరి సరస్సు చూశారా బైకే?" అని అడిగింది.

చలికాలం రాకముందే ఉద్యోగం మానేశాడు. పాస్‌వర్డు లేని కుర్చీలో అతనికి ఏమీ తోచలేదు. ఇప్పుడు కరాకోల్‌లో అతిథిగృహాలవాళ్ళకి సైటులు చేసిపెడుతున్నాడట. ఒక్కో గదికి ఒక్కో పేజీ అట, అన్నిటిలోనూ అదే మంచం. ఇక్కడ లారిసా గుర్తులన్నీ తిరిగి పెట్టింది. పాత పేజీలు మళ్ళీ రాలిపోయాయి. సీసా నంబరు కొడితే లోపల అన్నీ దొరుకుతున్నాయి. ఎసెన్‌కుల్ ఫోటో కూడా.

ఈ మధ్య సోనున్ ఫోను చేసింది. ఆ గొర్రె బతికిందట, ఇంకో రెండింటికి అదే జబ్బులా ఉందట. లక్షణాలు చెబుతూ చెబుతూ, "ఆ బైకే ఉంటే చేత్తో నొక్కి చెప్పేసేవాడు" అంది.

"నంబరు ఇవ్వనా?"

"ఇవ్వండి. ప్రసంగం మొదలెడితే పెట్టేస్తా" అంది.

ఇచ్చాను. చేసిందో లేదో నేను అడగలేదు.